వెల్డింగ్ జోలికి పోకుండా లారీ డీజిల్ ట్యాంకుకు అదనపు పైపులు బిగించడం

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడిలో టెంట్ హౌస్. పెళ్ళిళ్ళకూ జాతరలకూ అటు పాతపట్నం నుంచి ఇటు కాశీనగర్, గుణుపురం దాకా సామాను వేసుకుని తిరుగుతుంటాం. మినీ లారీ డెక్కు మీద, క్యాబిన్ వెనకాల, సింగిల్ సిలిండర్ డీజిల్ జనరేటరును శాశ్వతంగా బిగించాం. దాని సొంత ట్యాంకు చాలా చిన్నది, రాత్రంతా పందిరి దీపాలు వెలగాలంటే మధ్యలో నింపక తప్పదు. నడిరాత్రి ఇంజను కాగి ఉండగా, చుట్టూ పిల్లలు తిరుగుతుండగా, డబ్బాతో గరాటు పెట్టి డీజిల్ పోయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అందుచేత లారీ ట్యాంకు నుంచే జనరేటరుకు డీజిల్ అందేలా ఒక పైపు, ఎక్కువైనది తిరిగి వచ్చేలా మరొక పైపు బిగించాలని నిర్ణయించుకున్నాను.

లారీది ఛాసిస్ పక్కన పట్టీలతో వేలాడే ఇనుప ట్యాంకు, సుమారు 60 లీటర్లు పడుతుంది. పైభాగంలో ఐదు స్క్రూలతో బిగించిన ఫ్లోటు గేజీ (డీజిల్ మట్టం చూపే తేలుడు కడ్డీ) ప్లేటు ఉంది. ఆ రంధ్రంలోంచి రెండు వేళ్ళు పడతాయి తప్ప చెయ్యి పట్టదు. మా ఊరి వెల్డరు ట్యాంకును నీళ్ళతో కడిగి రెండు నిపుల్స్ (పైపు తగిలించే పొట్టి గొట్టాలు) అతికిస్తానంటున్నాడు, మంచి పనివాడే, కానీ నాకు మనసు ఒప్పడం లేదు. ట్యాంకుకు నిప్పు తగలకుండా, ఏళ్ళ తరబడి చుక్క కారకుండా ఈ పని చేసే మార్గం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జయపురం షెడ్డు (కొరాపుట్ జిల్లా)

మహేంద్రతనయ గారూ, మీ వెల్డరు చెప్పినది కొత్త సంగతి కాదు. ట్యాంకు విప్పి, సోడా నీళ్ళతో రెండుమూడు సార్లు కడిగి, వెల్డింగ్ చేయవలసిన చోటు మాత్రమే గాలికి ఉండేలా మిగతా భాగమంతా నీళ్ళు నింపి, మూత తెరిచి ఉంచి అతికించడం మా తరం మెకానిక్కులందరూ చూసిన పద్ధతే. డీజిల్ పెట్రోలు కాదు, అంత త్వరగా అంటుకోదు. అయితే బాగా అనుభవం ఉన్న చేతి మీదే ఈ పని జరగాలి. నిపుల్‌ను వెల్డు చేస్తే దానికి సాటి వచ్చే బిగింపు మరొకటి లేదన్నది నా అభిప్రాయం.

వార్ధా తీరం (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

జయపురం షెడ్డు వారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ «డీజిల్ అంత త్వరగా అంటుకోదు» అనే మాట మన దేశపు డీజిల్‌కు, మన ఎండలకు సరిపోదు. డీజిల్‌కు మన జాతీయ ప్రమాణం విధించిన కనీస జ్వలన ఉష్ణోగ్రత, అంటే దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకోగల వేడి, అబెల్ అనే పరీక్ష పద్ధతిలో 35 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. మా చంద్రపూర్‌లో మే నెలలో గాలి వేడే 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన లారీ ట్యాంకు రేకు అంతకన్నా వేడెక్కుతుంది. అంటే మన వేసవిలో డీజిల్ ట్యాంకులో అంటుకోగల ఆవిరి ఉండడం మామూలు విషయమే.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. ట్యాంకు రేకులు ఒకదాని మీద ఒకటి మడిచి కలిపిన అంచుల్లోనూ, లోపలి అడ్డపలకల అతుకుల కిందా డీజిల్ చొరబడి ఉంటుంది. దాన్ని నీళ్ళు బయటకు నెట్టలేవు. గోడలకు పట్టిన జిగురు పొర కూడా కడిగితే పూర్తిగా పోదు. వెల్డింగ్ మంట దగ్గర రేకు వందల డిగ్రీలకు వేడెక్కినప్పుడు ఆ మిగులు డీజిలంతా ఒక్కసారి ఆవిరవుతుంది. నీళ్ళ మీద మిగిలిన కొద్దిపాటి ఖాళీలోకి చేరే ఆవిరి, గాలి కలిసి పేలడానికి అది చాలు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదకరం కావడానికి కారణం ఇదే, ద్రవం కాలదు, గాలితో తగు పాళ్ళలో కలిసిన ఆవిరే కాలుతుంది. పైగా చాలా పాత ట్యాంకులకు తుప్పు పట్టకుండా లోపల తగరం, సీసం కలిసిన పూత ఉంటుంది. వెల్డింగ్ చేసిన చోట ఆ పూత కాలి సీసపు పొగ వస్తుంది, కొన్నాళ్ళకు లోపలివైపు తుప్పు మొదలై ఆ పొడి ఫిల్టరుకు చేరుతుంది. పేలుడు జరగకపోయినా నష్టం ఆ మేరకు ఉండనే ఉంటుంది. మీ మనసు ఒప్పకపోవడమే సరైనది.

లేత్ పని (గుణుపురం, రాయగడ జిల్లా)

మహేంద్రతనయ గారికి నమస్కారం. ట్యాంకు రేకును తాకవలసిన అవసరమే మీకు లేదు. మీ ట్యాంకు మీద విప్పి పక్కన పెట్టగల భాగం ఒకటి ఇప్పటికే ఉంది, అదే ఫ్లోటు గేజీ ప్లేటు. రంధ్రాలు, మరలు, అతుకులు అన్నీ ఆ ప్లేటుకే పెట్టండి. అది ట్యాంకు మీద ఉన్నంతసేపు దాని జోలికి పోకుండా, విప్పి మా వంటి వాళ్ళ లేత్ దగ్గరకు తీసుకువస్తే అక్కడ డ్రిల్లు వేసినా, ఇత్తడితో అతికించినా ఎవరికీ ప్రమాదం లేదు. ట్యాంకు మాత్రం రంధ్రం మూసుకుని మీ షెడ్డులోనే ఉంటుంది.

అసలు ప్లేటు పలచని రేకు, దానిలో మర కోస్తే నిలవదు. 14 మిల్లీమీటర్ల బోల్టు సన్న మర ఒక్కో చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది, అంత మందమే ఉన్న రేకులో ఒక్క చుట్టు కూడా సరిగా పట్టదని మీరే ఊహించవచ్చు. కాబట్టి అదే కొలతల్లో, అవే ఐదు రంధ్రాలతో, 6 మిల్లీమీటర్ల మందం ఇనుప పలక ఒకటి కొత్తగా చేయించండి. ఆ ఐదు రంధ్రాల మధ్య దూరాలు సాధారణంగా సమానంగా ఉండవు. ప్లేటు ఒక్క దిశలోనే కూర్చోవాలని అలా పెడతారు. అందుచేత కొలబద్దతో గీయకుండా పాత ప్లేటునే అచ్చుగా పెట్టి గుర్తులు వేయాలి. ఫ్లోటును పాత ప్లేటు నుంచి జాగ్రత్తగా విప్పి కొత్తదానికి మార్చాలి, లేకపోతే గేజీ తప్పు చూపిస్తుంది.

ఇక రెండు పైపులకు ఆ చిన్న పలక మీద చోటు చాలదు, ఫ్లోటు కడ్డీ ఊగడానికి కూడా ఖాళీ కావాలి. దీనికి పైపులో పైపు పద్ధతి ఉంది. బయట 16 మిల్లీమీటర్ల ఇనుప గొట్టం, దాని నడుమ 8 మిల్లీమీటర్ల గొట్టం. లోపలి గొట్టం ట్యాంకు అడుగుదాకా దిగి డీజిల్ లాగుతుంది, బయటి గొట్టం పలక దిగువన కొద్ది అంగుళాలకే ఆగి తిరిగి వచ్చే డీజిల్‌ను వదులుతుంది. బయటి గొట్టం మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే రెండింటి నడుమ మిగిలే దారి సుమారు 104 చదరపు మిల్లీమీటర్లు, అంటే పదకొండున్నర మిల్లీమీటర్ల లోవ్యాసం ఉన్న పైపుతో సమానం. పలక పైన ఒక షట్కోణపు ఇనుప దిమ్మను తొలిచి, నిలువుగా లాగే పైపుకు, పక్కగా తిరిగి వచ్చే పైపుకు మరలు కోస్తాము. పలకకు కావలసినది ఒకే ఒక్క రంధ్రం. ఈ గొట్టాలన్నీ లేత్ దగ్గరే ఇత్తడి అతుకు వేసి, చల్లారిన తరువాత అతుకు మందు మడ్డి లేకుండా వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి.

మీరు చెప్పనిది ఒకటి అడుగుతాను. మీ జనరేటరు ట్యాంకు ఇంజను పైన ఉండి, డీజిల్ దానంతట అదే కిందికి దిగే రకమా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అవునండీ, ట్యాంకు ఇంజను నెత్తిమీదే ఉంటుంది. లారీ ట్యాంకు దానికన్నా మీటరుకు పైగా కిందుంది.

లేత్ పని (గుణుపురం)

అలాగైతే ఆ చిన్న ట్యాంకును తీసేయకండి, దానిని అలాగే ఉంచి దానిలోకి లారీ ట్యాంకు నుంచి 12 వోల్టుల చిన్న విద్యుత్ పంపుతో డీజిల్ ఎక్కించండి. నిండిన తరువాత పొంగేది తిరుగు పైపు ద్వారా లారీ ట్యాంకులోకి దిగిపోవాలి. ఇంజనుకు మాత్రం ఎప్పటిలాగే పై ట్యాంకు నుంచే అందుతుంది కాబట్టి గాలి పట్టే బెడద ఉండదు. ఇక్కడ ఒకే నియమం ఉంది, దాన్ని ఎప్పుడూ మీరకూడదు. తిరుగు పైపు ఎక్కించే పైపు కన్నా లావుగా ఉండాలి, ఎక్కడా వంపు తిరిగి పైకి లేవకుండా ఏకధాటిగా కిందికి వాలి ఉండాలి. ఎక్కించేది పంపు బలంతో వస్తుంది, తిరిగి దిగేది తన బరువుతో మాత్రమే దిగుతుంది. ఆ పైపు చాలకపోయినా, మూసుకుపోయినా డీజిల్ మూతలోంచి పొంగి కాగిన ఇంజను మీద పడుతుంది. జనరేటరు ఆగగానే పంపు కూడా ఆగేలా వైరింగ్ చేయించండి.

కాశీనగర్ రైతు

లారీ ఇంజను నుంచి మిగులు డీజిల్ తెచ్చే తిరుగు పైపు ఎలాగూ ట్యాంకులోకి వెళుతుంది కదా, దానికే ఒక టీ (మూడు పైపులను కలిపే ముక్క) పెట్టి కలిపేస్తే సరిపోదా? ప్లేటు మీద పని సగం తగ్గుతుంది.

లేత్ పని (గుణుపురం)

సన్నని పైపు కాబట్టి వద్దంటాను. బరువుతో దిగే డీజిల్‌కు అది చాలదు. పైగా లారీ నడుస్తున్నప్పుడు ఇంజను తిరుగు డీజిల్ ఆ టీ దగ్గర పైకి ఎదురెక్కి జనరేటరు ట్యాంకును పొంగించవచ్చు. వన్‌వే వాల్వు పెట్టి ఆపవచ్చునేమో గాని, ఒక వాల్వు మొరాయిస్తే రోడ్డు మీద డీజిల్ కారే ఏర్పాటును నేను చేసి ఇవ్వను.

సుంకి ఘాట్ (కొరాపుట్)

నేను సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్‌కు లారీ నడిపేవాణ్ణి, ఇప్పుడు రెండు బండ్లకు యజమానిని. లేత్ పని గారి మాటకు డ్రైవరు వైపు నుంచి కొన్ని చేరుస్తాను.

మొదటిది, జనరేటరుకు లాగే గొట్టాన్ని ట్యాంకు అడుగుదాకా దించవద్దు. లారీ ఇంజను లాగే గొట్టం ఎంత లోతున ఉందో కొలిచి, జనరేటరు గొట్టాన్ని దానికన్నా కనీసం నాలుగంగుళాలు పొట్టిగా కోయించండి. అప్పుడు రాత్రంతా దీపాలు వెలిగి జనరేటరు ఆగిపోయినా, తెల్లవారి బండి ఇంటికి చేరడానికి ట్యాంకులో డీజిల్ మిగిలే ఉంటుంది. జనరేటరు పూర్తిగా పీల్చేసిన ట్యాంకుతో ఘాట్ రోడ్డు మధ్యలో నిలబడితే, డీజిల్ తెచ్చి పోసినా ఇంజనుకు పట్టిన గాలి తీసేదాకా బండి కదలదు, మలుపు మీద వెనక వచ్చే బండ్లకు మనం అడ్డంగా ఉంటాం. గొట్టం పొట్టిగా ఉండడం వల్ల అడుగున పేరుకునే నీరు, మడ్డి కూడా జనరేటరుకు పోవు. గొట్టం చివరను అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోయిస్తే, ఏ చెత్తముక్కో అడ్డుపడినా పూర్తిగా మూసుకుపోదు.

రెండోది, పలక మీద నుంచి పైపు బయటికి వచ్చిన చోటనే ఒక కాక్ (చేతితో తిప్పి మూసే కుళాయి) పెట్టండి. ట్యాంకు పై నుంచి బయలుదేరిన పైపు కింద ఎక్కడో ఛాసిస్ దగ్గర తెగితే, అక్కడి మట్టం ట్యాంకులో మట్టం కన్నా తక్కువ కాబట్టి, గొట్టంలో డీజిల్ నిండి ఉన్నంతవరకు ట్యాంకు దానంతట అదే ఖాళీ అవుతుంది. పై నుంచి తీసిన పైపు కారదని చాలామంది నమ్ముతారు, ఆ నమ్మకం తప్పు. జనరేటరు పని లేనప్పుడు కాక్ కట్టి ఉంచాలి.

మూడోది, పైపులను సైలెన్సరు వైపు పోనివ్వకండి, ప్రతి అడుగుకూ ఒక క్లిప్పు వేయండి, ఛాసిస్ రంధ్రంలోంచి దాటించే చోట రబ్బరు గ్రామెట్ (రంధ్రపు అంచుకు తొడిగే ఉంగరం) పెట్టండి. మన రోడ్ల మీద ఏ మర అయినా ఒత్తిడి వల్ల వదులు కాదు, అదురు వల్ల వదులవుతుంది. వేలాడే పైపు బరువంతా ఫిట్టింగ్ మీద పడితే ఎంత మంచి వాషరైనా ఎక్కువ రోజులు ఆగదు.

జయపురం షెడ్డు

వార్ధా తీరం గారు చెప్పిన ఉష్ణోగ్రత సంగతి ఆలోచించదగినది, ఆ వివరానికి కృతజ్ఞతలు. ప్లేటు పద్ధతి ఈయన బండికి సరిపోయింది, మంచిదే. కానీ ఫ్లోటు ప్లేటు అందని చోట ఉన్న ట్యాంకులూ, ప్లేటు కూడా రేకుకే నొక్కి మూసేసిన ట్యాంకులూ ఉన్నాయి. అటువంటి వాటికి రేకులోనే రంధ్రం వేయక తప్పదు. అక్కడ కూడా వెల్డింగ్ లేకుండా చేసే పద్ధతి ఉంది కాబట్టి చదివేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

కావలసినది అంచు ఉన్న ఫిట్టింగ్. లోపలివైపు వెడల్పైన తల, దాని మీద వాషరు, రేకు, బయటివైపు మరో వాషరు, ఆపైన నట్టు. రేకు రెండు వాషర్ల నడుమ నొక్కుకుని ఉంటుంది, మర రేకును పట్టుకోదు. చెయ్యి పట్టని ట్యాంకులో ఆ తలను లోపలికి చేర్చడానికి ఒక ఉపాయం ఉంది. కొత్త రంధ్రంలోంచి సన్నని ఇనుప తీగను లోపలికి దూర్చి, డీజిల్ పోసే మూతి నుంచో ఫ్లోటు రంధ్రం నుంచో బయటికి లాగాలి. ఫిట్టింగ్‌ను, దాని లోపలి వాషరుతో సహా, ఆ తీగకు గుచ్చి చివర ముడి వేసి, మరొక కొస నుంచి మెల్లగా లాగితే అది లోపల ప్రయాణించి కొత్త రంధ్రంలోంచి మర వైపుగా బయటికి వస్తుంది. ముందే మర కొసన స్క్రూడ్రైవరు పట్టేంత గాడి కోసి ఉంచుకుంటే, నట్టు బిగించేటప్పుడు ఫిట్టింగ్ తిరగకుండా పట్టుకోవచ్చు. లోపలి అడ్డపలకలు ఎక్కడ ఉన్నాయో ముందుగా తట్టి చూసి, తీగకు దారి ఉన్న గదిలోనే రంధ్రం వేయాలి.

రంధ్రం వేయడంలోనే అసలు జాగ్రత్త ఉంది. మామూలు కరెంటు డ్రిల్లు మోటారులో బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు వస్తూనే ఉంటాయి, కనుక దానిని ట్యాంకు దగ్గరకు తేకండి. ట్యాంకు విప్పి, కడిగి, ఖాళీ మిగలకుండా మూతి దాకా నీళ్ళు నింపి, చేతితో తిప్పే డ్రిల్లుతో చిన్న రంధ్రం వేయండి. ఆ తరువాత ప్యానెల్ బోర్డులు చేసేవారు వాడే పంచ్, అంటే బోల్టు బిగిస్తుంటే రేకును గుండ్రంగా కత్తిరించే సాధనం, వాడితే రంధ్రం గీతలు లేకుండా వస్తుంది, ఇనుప రజను రాలదు. డ్రిల్లు మొనకు గ్రీజు పూస్తే చిన్న రంధ్రపు రజను కూడా దానికే అంటుకుంటుంది. రంధ్రం ఎప్పుడూ పైభాగంలోనే, రేకు చదునుగా ఉన్న చోట వేయండి. పని అయ్యాక నీటి తడి లేకుండా ఆరబెట్టి, కొద్దిగా డీజిల్ పోసి కడిగి పారబోసిన తరువాతే ట్యాంకు ఎక్కించాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ ఎంతో ఋణపడి ఉన్నాను. గుణుపురం వెళ్ళి లేత్ పని గారు చెప్పినట్టే పలక చేయించడానికి సిద్ధపడుతున్నాను. వాషరు, ప్యాకింగు దేనితో చేయాలి? ఇక్కడ అందరూ పాత లారీ ట్యూబు కత్తిరించి వేస్తారు. పైన సిలికాన్ పేస్టు పూస్తే చాలంటున్నారు.

వార్ధా తీరం (బల్లార్షా)

రెండూ వద్దండి. ట్యూబు రబ్బరు గాలిని పట్టి ఉంచడానికి తయారైనది, డీజిల్ తగిలితే పీల్చుకుని ఉబ్బి మెత్తబడి, స్క్రూల కింద నుంచి పక్కకు జరిగిపోతుంది. బిగించిన రోజున బాగానే ఉంటుంది కాబట్టి అందరూ మోసపోతారు. డీజిల్‌కు నైట్రైల్ రబ్బరు, లేదా నైట్రైల్ కలిపిన కార్క్ షీటు వాడండి. కొన్న ముక్క ఏ రబ్బరో అనుమానం ఉంటే దాని మందాన్ని కొలిచి, గాజు సీసాలో డీజిల్ పోసి వారం రోజులు నానబెట్టి మళ్ళీ కొలవండి. గుర్తించదగినంత ఉబ్బితే అది పనికిరాదు.

మామూలు సిలికాన్ పేస్టు కూడా డీజిల్‌లోనూ పెట్రోలులోనూ మెత్తబడి పొరలుగా ఊడుతుంది, ఆ పొరలు ఫిల్టరులోకి చేరతాయి. మరల మీద తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టినా అదే గతి, దాని పీలికలు పంపు దగ్గర ఇరుక్కుంటాయి. చదునైన ముఖాలు కలిసే చోట రాగి వాషరు గాని, రబ్బరు పెదవి అతికిన ఇనుప వాషరు గాని వేస్తే ఏ పేస్టూ అక్కర్లేదు. కొసకు సన్నబడే ఏటవాలు మర ఉన్న చోట మాత్రం ఇంధనానికి తట్టుకునే మర మందు ఒక చుక్క చాలు.

హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే జీఐ (జింకు పూత వేసిన ఇనుప) నిపుల్స్ జోలికి కూడా పోవద్దు. వాటి జింకు పూత డీజిల్‌లోకి కొద్దికొద్దిగా కరిగి ఇంజెక్టరు రంధ్రాల దగ్గర మసిలా పేరుకుంటుంది. పైగా అవి బ్రిటిష్ పైపు మరలు, బయట దేశాల నుంచి వచ్చే కొన్ని పంపులకు అమెరికన్ మరలు ఉంటాయి. పావు అంగుళం సైజులో మొదటిదానికి అంగుళానికి 19 చుట్లు, రెండోదానికి 18, ఒకటి రెండు చుట్లు పట్టి బిగిసినట్టే అనిపిస్తాయి. అర అంగుళంలో రెండింటికీ 14 చుట్లే గాని మర కోణం వేరు, ఒకటి 55 డిగ్రీలు, మరొకటి 60. పూర్తిగా ఎక్కి కూడా కారే జత అదే. పంపును చేతిలో పెట్టుకునే లేత్ వద్దకు వెళ్ళండి.

సుంకి ఘాట్ (కొరాపుట్)

పైపుల గురించి ఒక మాట. లోపల డీజిల్ కనిపిస్తుందని పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టం వేస్తుంటారు. అది డీజిల్‌కూ ఎండకూ కొద్ది నెలల్లో బిరుసెక్కి క్లిప్పు దగ్గర పగులుతుంది. ఇంధనం కోసమే చేసిన, లోపల దారపు అల్లిక ఉన్న నైట్రైల్ గొట్టం కొనండి, ధర తేడా పెద్దది కాదు.

లేత్ పని (గుణుపురం)

పలక తయారయ్యాక పరీక్ష గురించి ఇప్పుడే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది టైర్ల దుకాణంలో కంప్రెసర్ పెట్టి ట్యాంకులోకి గాలి కొట్టిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ట్యాంకులో డీజిల్ మట్టం 40 సెంటీమీటర్లు ఉంటే అడుగున పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.033 కిలోలు, అంతే. కంప్రెసరు గాలి ఏడెనిమిది కిలోలు. 40 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల పొడవు ఉన్న రేకు మీద 0.2 కిలోల ఒత్తిడి పెట్టినా మొత్తం 480 కిలోల తోపు పడుతుంది, ఒక కిలో పెడితే 2,400 కిలోలు. రేకు ఉబ్బుతుంది, అతుకు విడిపోతుంది, కొన్నిసార్లు మనిషికి తగులుతుంది.

దీనికి మెరుగైన పరీక్ష సుద్దముక్కతో జరుగుతుంది. పలక, నట్లు అన్నీ తుడిచి ఆరిన తరువాత చుట్టూ సుద్దపొడి మెత్తగా రాసి, ట్యాంకు నింపి, కొద్ది దూరం ఎగుడుదిగుడు రోడ్డు మీద తిప్పి తీసుకురండి. కంటికి కనిపించని చెమ్మ కూడా తెల్లని సుద్ద మీద నల్లగా మరక వేస్తుంది, ఏ స్క్రూ దగ్గర కారుతోందో వేలు పెట్టి చూపించవచ్చు. ఐదు స్క్రూలలో కొన్ని ట్యాంకు లోపలికి తెరుచుకుని ఉంటాయి, ప్రతి స్క్రూ తల కింద కూడా ఒక వాషరు వేయడం మరవకండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పని పూర్తయింది. పలకను లేత్ వద్ద చేయించి, నైట్రైల్ కార్క్ ప్యాకింగుతో బిగించాం. పంపు జనరేటరు ట్యాంకును నింపుతోంది, పొంగినది శబ్దం లేకుండా లారీ ట్యాంకులోకి దిగుతోంది. సుద్ద పరీక్షలో ఒక్క స్క్రూ దగ్గర మరక కనిపించింది, ఆ వాషరు మార్చగానే ఆగిపోయింది. ఒక సమస్య మాత్రం మిగిలింది, అంతవరకు సరిగా చూపించిన డీజిల్ గేజీ ఇప్పుడు కదలడం లేదు. ఫ్లోటు చేతితో కదిపి చూశాం, ఎక్కడా తగలడం లేదు.

లేత్ పని (గుణుపురం)

మీ గేజీకి ఎర్త్ అందడం లేదు. ఇదివరకు ప్లేటు స్క్రూల ద్వారా ట్యాంకు రేకుకు తగిలి ఉండేది. ఇప్పుడు ప్యాకింగూ, స్క్రూల కింది వాషర్లూ కలిసి పలకను రేకు నుంచి వేరు చేశాయి. పలక మీద ఒక చిన్న స్క్రూకు వైరు తగిలించి ఛాసిస్ మీద రంగు గీకిన చోట బిగించండి, గేజీ లేస్తుంది. ఆ వైరు బిగించేటప్పుడు బ్యాటరీ తీగ విప్పి ఉంచండి.

వార్ధా తీరం (బల్లార్షా)

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పడం మంచిది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. మీ పలకను విప్పి పాత ప్లేటు వేస్తే ట్యాంకు యథాస్థితికి వస్తుంది, వెల్డింగ్ చేయకపోవడం వల్ల కలిగిన లాభాల్లో ఇదొకటి. అయినా డెక్కు మీద జనరేటరు శాశ్వతంగా ఉంది కాబట్టి, రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, బీమా సంస్థకు ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి రసీదు దగ్గర ఉంచుకోండి. పాత ప్లేటును పారేయకండి.

రాయగడ వాసి

చర్చ చదివి నాకొక సందేహం కలిగింది. మా దగ్గర పాత పెట్రోలు జీపు ఉంది, దానికి విద్యుత్ పంపు వేసి తిరుగు పైపు పెట్టాలి. ఇదే పద్ధతి సరిపోతుందా? మా తమ్ముడి కారుకు ప్లాస్టిక్ ట్యాంకు, దానికి కూడా?

వార్ధా తీరం (బల్లార్షా)

జీపుకు పలక పద్ధతే సరైనది, కానీ జాగ్రత్త చాలా ఎక్కువ కావాలి. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా అంటుకోగల ఆవిరినిస్తుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం వరకు ఉన్నప్పుడు పేలుతుంది. అది గాలి కన్నా బరువైనది కనుక మెకానిక్ గుంటలోకి దిగి నిలిచిపోతుంది. ఆరుబయట, గుంటకు దూరంగా, బ్యాటరీ విప్పి, ప్లేటు తీయగానే రంధ్రాన్ని తడిగుడ్డతో మూసి, పలక మాత్రం వేరే చోటకు తీసుకువెళ్ళి పని చేయించండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, అది పాత రబ్బర్లను త్వరగా పాడుచేస్తుంది. అందుచేత నైట్రైల్‌కు బదులు వైటాన్ అనే రబ్బరు వాషర్లూ, ఇథనాల్‌కు తట్టుకుంటుందని రాసి ఉన్న గొట్టమూ వాడండి.

ప్లాస్టిక్ ట్యాంకు గోడకు రంధ్రం వేయవద్దు. అది పాలీఇథిలీన్, దాని మీద ఏ ఎపాక్సీ ముద్దా నిలవదు, రెండు వాషర్ల నడుమ నొక్కినా కాలక్రమంలో ప్లాస్టిక్ అణిగి బిగువు తగ్గుతుంది. దానికి కూడా పంపు, గేజీ ఉన్న పై మూత ఒక్కటే దారి. ఆ మూతకు తిరుగు పైపు ఇప్పటికే ఉన్న రకం చాలా కార్లకు దొరుకుతుంది, ముందుగా విడిభాగాల దుకాణంలో అడిగి చూడండి.